బయొనెట్ మీది ముద్రలు ఏం చెబుతాయి?

ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ఆయుధాల స్టోర్సులో తనిఖీ పని చేసినవాణ్ణి కనుక, రిటైరైన తర్వాత కూడా మిత్రులు తమ ఇళ్ళలోని పాత కత్తులు, బాకులు తెచ్చి "ఇదేమిటో చూసి చెప్పండి" అంటుంటారు. అలా వచ్చిన వాటిలో ఒకటి నాకే పాఠం చెప్పింది. మన సభ్యులకు, వారి పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మన సభ్యులొకరు గుడ్డలో చుట్టిన బయొనెట్ తెచ్చారు. వారి తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా వెళ్ళారు. తండ్రిగారు రెండో యుద్ధంలో బర్మా వైపు పనిచేశారు. "ఇది తాతగారు 1918లో తెచ్చిందని మా అమ్మ చెప్పేది. అవునో కాదో తేల్చండి" అన్నారు. స్కేలు పెట్టి కొలిచాను. అలుగు 12 అంగుళాలు. "ఇది తాతగారి కాలానిది కాదండీ, రెండో యుద్ధం నాటిది" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది.

నేనలా అనడానికి కారణముంది. ఆనాటి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు తొడిగే 1907 నమూనా బయొనెట్ అలుగు 17 అంగుళాలు. జపాను వారి అరిసాకా బయొనెట్‌ను చూసి బ్రిటిష్ వారు దీన్ని రూపొందించారు. మొదట్లో దాని అడ్డుపట్టీకి కొక్కెం ఉండేది. 1913లో దాన్ని తీసేశారు. అందుకే కొక్కెం ఉన్నవి ఇప్పుడు అరుదు. రెండో యుద్ధకాలంలో మన దేశంలో 12 అంగుళాల అలుగు చాలుననుకున్నారు. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పొట్టి బయొనెట్లు తయారయ్యాయి.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. కొలత చూశాను గాని ముద్రలు చదవలేదు! మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళి, నూనె గుడ్డతో మెల్లగా తుడిచి, భూతద్దం పెట్టి చూశాను. పిడిని ఆనుకుని పదునులేని మందపాటి భాగం ఉంటుంది. అసలు చరిత్రంతా అక్కడే. కిరీటం, దాని కింద జి.ఆర్., 1907, ఆ కింద చిన్న అంకెల్లో 5, 17, తర్వాత శాండర్సన్ పేరు కనిపించాయి. 1907 అన్నది నమూనా సంవత్సరమే గాని తయారైన ఏడు కాదు. చిన్న అంకెలే తయారీ తేదీ. అంటే 1917 మే నెల, ఇంగ్లండులోని షెఫీల్డు. పైగా అలుగు మీది గాడి దాదాపు మొనదాకా పోయింది. అంటే ఇది మొదటి యుద్ధంలో పుట్టి, తర్వాత 5 అంగుళాలు కోయించుకున్న పాత అలుగు. ఈ రకానికి మార్క్ 1 స్టార్ అని పేరు. పొట్టిగానే కొత్తగా చేసిన మార్క్ 2 రకం అలుగుకు గాడి ఉండదు.

కాబట్టి నేను చెప్పింది సగం తప్పు. అమ్మగారు చెప్పిందీ పూర్తిగా నిలవదు. తాతగారు 1918లో తెచ్చి పెట్టెలో దాచుకుని ఉంటే అది 17 అంగుళాలే ఉండాలి గదా! "అయితే తాతగారి కాలపు ఉక్కే నాన్నగారి చేతికొచ్చిందన్నమాట" అన్నారాయన. కావచ్చు. ఆ మాట చెప్పే ముద్ర మాత్రం దానిమీద లేదు.

మిగతా గుర్తుల గురించీ చాలా అపోహలున్నాయి. రెండో వైపున ఉండే ఇంటూ గుర్తు చంపిన శత్రువుల లెక్క కాదు. అలుగును వంచి పరీక్షించినట్టు గుర్తు. బాణం గుర్తు ప్రభుత్వ సొత్తని చెబుతుంది. కిరీటంతో చిన్న అంకె ఉంటే అది తనిఖీదారు ముద్ర. పిడి మీదో, అడ్డుపట్టీ మీదో ఉండే అంకెలు సాధారణంగా ఆయుధాల లెక్క కోసం వేసినవి. వాటిని సిపాయి నంబరనుకోకూడదు. జి.ఆర్.ఐ. అని ఉంటే జార్జి చక్రవర్తి పేర ఇండియాలో వేసిన ముద్ర. ఆర్.ఎఫ్.ఐ. అంటే ఇషాపూర్ ఫ్యాక్టరీ. ఎన్.డబ్ల్యు.ఆర్. అంటే నార్త్ వెస్టర్న్ రైల్వే. యుద్ధకాలంలో రైల్వే వర్క్‌షాపు కార్మికులు కూడా ఈ పని చేశారు.

అరుదైన వాటికి ధర ఎక్కువ కనుక దొంగ ముద్రలూ ఉంటాయి. పాత ముద్ర లోపలి రంగు, చుట్టూ ఉన్న లోహపు రంగు ఒకేలా ముదిరి ఉండాలి. అక్షరం అంచున కొత్త మెరుపో, లేచిన గరుకో ఉన్నా, ఆ భాగం మాత్రమే అరగదీసి పలచబడినా అనుమానించాలి. ముద్రలో చెప్పిన తేదీకి కొలత, కొక్కెం, గాడి సరిపోతున్నాయా అని చూడాలి. ఒక్క గుర్తు చూసి తీర్పు చెబితే నాకు జరిగినట్టే జరుగుతుంది.

ఇంట్లో ఇలాంటిది ఉన్నవారికి రెండు మాటలు. ఇసుక కాగితం, చింతపండు పెట్టి తోమకండి. తుప్పుతోపాటు ముద్రలూ పోతాయి. ఆయుధాల నియమాల పట్టికలో బయొనెట్ పేరు కూడా ఉంది కనుక, దగ్గరి పోలీసు స్టేషనులో కనుక్కుని ఉంచుకోండి.

ఆ మిత్రుడు ఇప్పుడు బయొనెట్‌తోపాటు ఒక కాగితం కూడా పెట్టుకున్నారు. అందులో ముద్రలు చెప్పింది ఒక వైపు, అమ్మ చెప్పింది మరో వైపు రాశారు. రెంటినీ కలపలేదు. మనవలకు అలా అందించడమే సరైన పని అని నాకనిపించింది.