పన్ను పీకినందుకే కేన్సరా?

మా రిసాలిలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను: "పన్ను పీకించుకుంది, దవడకి కేన్సర్ వచ్చేసింది."

మా వీధిలో ఒకావిడ విషయంలోనూ ఇదే అన్నారు. కింది దంతం కదులుతోందని పీకించుకున్నారు. పుండు మానలేదు, అక్కడ కండ పెరిగింది. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే అది రొమ్ము కేన్సర్ అని తేలింది. రొమ్ములో గడ్డ ఉందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. బంధువులు మాత్రం "ఇనుము తగిలింది, పాకింది" అని తీర్పు చెప్పేశారు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. తేదీ చూడకుండా వోచరు పాస్ చెయ్యను. ఇక్కడ పన్ను పీకిన తేదీ కంటే అది కదిలిన తేదీ ముందుంది. మరి ఎందుకు కదిలింది? ఎముకలో కేన్సర్ అప్పటికే చేరింది కనుక. పన్ను పోయాక లోపలి కండ బయటికి రావడానికి దారి దొరికింది, అంతే.

ఇది కొత్త సంగతేమీ కాదు. రొమ్ము కేన్సర్ ఉన్న ఒక వృద్ధురాలికి కింది పెదవి మొద్దుబారిందని చార్లెస్ బెల్ 1830లోనే రాశాడు. పెదవికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముక లోపలినుంచే వస్తుంది. ఎముకలో గడ్డ దాన్ని నొక్కితే గడ్డం తిమ్మిరెక్కుతుంది. 1963లో కాల్వర్లీ, మోనాక్ అనే డాక్టర్లు ఈ లక్షణానికి "మొద్దుబారిన గడ్డం" అనే పేరు పెట్టారు.

నాకు మరీ నచ్చినవాడు స్టీఫెన్ పాజెట్. లెక్కలవాడి బుద్ధి! రొమ్ము కేన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. 241 మందిలో కాలేయానికి పాకింది, ప్లీహానికి 17 మందిలోనే. రక్తం రెండిటికీ పోతుంది కదా, ఇంత తేడా ఎందుకు? విత్తనం అన్ని వైపులా పడుతుంది గాని అనువైన నేలలోనే మొలుస్తుందన్నాడు, 1889లో, లాన్సెట్ పత్రికలో. 1928లో జేమ్స్ ఈవింగ్ కాదు, రక్తం ప్రవహించే దారులే కారణమన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముందని ఇప్పటి అవగాహన. కింది దవడలో వెనక దంతాల దగ్గర ఎక్కువగా కనబడటానికి అక్కడ మిగిలే ఎర్ర మజ్జ ఒక కారణమంటారు.

నోటి కేన్సర్లలో ఇలా వేరేచోటినుంచి వచ్చినవి నూటికి ఒకటి. స్త్రీలలో రొమ్మునుంచి, పురుషుల్లో ఊపిరితిత్తులనుంచి ఎక్కువ. సుమారు నాలుగో వంతు మందిలో అసలు జబ్బు బయటపడేది దవడ దగ్గరే.

ఆవిడ చెల్లెలికి ఇప్పుడు పన్ను కదులుతోంది. "ఇనుము తగలనివ్వను అన్నయ్యగారూ" అంటోంది. పెదవి తిమ్మిరిగా ఉందా అని అడిగాను. లేదంది. పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకా వెళ్ళలేదు.