మార్చి వీడ్కోలుకు ఏ పాట?

జపాన్‌లో బడి సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. కొత్త ఉద్యోగులు కొలువులో చేరేదీ ఏప్రిల్ 1నే. అందుకే వీడ్కోలు, కొత్త ఆరంభం రెండూ సకురా (చెర్రీ) పూలు విచ్చే రోజుల్లోనే వస్తాయి. వాటికి తగిన పాటను ఎంచుకునే అలవాటు కరావోకే కంటే చాలా పాతది. 1881 నాటి ప్రాథమిక పాఠశాలల పాటల పుస్తకంలోని 'హోతరు నో హికరి'కి స్కాట్లండ్ జానపద బాణీయే ఆధారం. 1884లో వచ్చిన 'అఓగెబ తోతోషి' గురువులకు కృతజ్ఞత చెబుతుంది. దాని బాణీ అమెరికా బడిపాటదని 2011లో గానీ వెల్లడి కాలేదు. పరాయి బాణీ ఇంతగా సొంతమైపోవడం అరుదు.

1971లో కోబె నగరంలో ఇనోఉఎ దైసుకె తొలి కరావోకే యంత్రాల్లో ఒకదాన్ని రూపొందించాడు. బార్లలో పెరిగిన ఈ వినోదం 1980లలో అద్దె గదుల్లోకి మారి విద్యార్థులకూ అందింది. దాంతో బడిపాటల పక్కన సినీ, టీవీ, పాప్ గీతాలు చేరాయి: గాయని అరై యుమి 1975 నాటి 'సొత్సుగ్యో షషిన్', గాయకుడు మొరియమ నఒతరో 2003లో పాడిన 'సకురా' వంటివి.

వీటన్నిటిలో మనసును ఎక్కువగా తాకేది 'తబిదచి నో హి ని' పుట్టుక. 1991లో చిచిబు నగరంలోని ఒక మాధ్యమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు దాన్ని రాయగా, సంగీత ఉపాధ్యాయురాలు బాణీ కట్టింది. ఇప్పుడది దేశమంతటా బడుల వీడ్కోలు సభల్లో వినిపిస్తుంది.