తీర్చుకోవడం, కొట్టివేయడం: తెలుగు తెర మీది పగ, క్రైస్తవ కృప

సారాంశం: అప్పునూ పగనూ తెలుగువాళ్లు ఒకే క్రియతో చెబుతారు: తీర్చుకోవడం. ఈ భాషాసాక్ష్యం ఆధారంగా ఫిల్మ్‌నగర్ కథల్లోని పగనూ క్రైస్తవ కృపనూ ఈ వ్యాసం పక్కపక్కన పెట్టి చూస్తుంది. క్షమించడమంటే నష్టాన్ని మరచిపోవడం కాదు, దాన్ని తానే భరించడం అన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: పగ, ఋణం, కృప, ఫ్యాక్షన్ సినిమా, కరుణామయుడు

1. స్టూడియో గుమ్మంలో

1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లోని రామానాయుడు స్టూడియో బయట కారుబాంబు పేలింది. ఆ రోజు అక్కడ పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా తీయబోయే ‘శ్రీరాములయ్య’ ప్రారంభోత్సవం జరిగింది. వేడుకకు వచ్చిన ఆయన కుమారుడు, రాజకీయ నాయకుడు పరిటాల రవి బతికారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో వార్త కోసం వచ్చిన ఈటీవీ సిబ్బంది కూడా ఉన్నారు. రవికి ప్రత్యర్థి, ఈ కేసులో శిక్ష పడిన మద్దెలచెరువు సూరి కుటుంబసభ్యులు అంతకు ముందు, 1993లో, టీవీలో అమర్చిన బాంబుకు బలయ్యారు. రవి 2005లో, సూరి 2011లో హత్యకు గురయ్యారు. ఎన్నిసార్లు తీర్చుకున్నా ఆ పద్దు మూతపడలేదు.

2. తెర మీది పద్దు

‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) సినిమాలతో ఫ్యాక్షన్ కథకు ఒక అచ్చు స్థిరపడింది. అజ్ఞాతంగా, అణగిమణిగి ఉన్న కథానాయకుడి గతం ఫ్లాష్‌బ్యాక్‌లో బయటపడుతుంది. అది నిజానికి బాకీల చిట్టా. ఆ తరువాతి కథంతా వసూలు. ‘అరవింద సమేత’ (2018) ఈ అచ్చునే ప్రశ్నించింది, కత్తి దించిన తరువాతి బతుకు గురించి మాట్లాడింది. అయినా అందులోనూ ప్రధాన శత్రువు చనిపోయాకే శాంతి కుదిరింది.

3. ఋణం అనే మాట

మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో, క్షమించమని అడిగే తప్పులకు తెలుగు బైబిలు వాడిన మాట ‘ఋణం’. అదే సువార్త 18వ అధ్యాయంలో ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. తలాంతుకు 6,000 దేనారాల లెక్కన అది 6 కోట్ల దేనారాలు. రాజు దాన్ని కొట్టివేస్తాడు. ఆ దాసుడే తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం ఒక రోజు కూలి. కాబట్టి ఆ 100 కూడా చిన్న మొత్తం కాదు, మూడు నెలల పైచిలుకు కష్టం. మనిషికి తగిలిన దెబ్బ అబద్ధమని ఈ కథ ఎక్కడా అనదు. ఇక రాజు కొట్టివేసిన సొమ్ము మాయం కాలేదు. ఆ నష్టం ఆయన ఖజానా మీదే పడింది. సిలువకు క్రైస్తవులు చెప్పుకునే అర్థం ఇదే.

4. కరుణామయుడు

ఈ అర్థాన్ని తెలుగు తెర మీదికి తెచ్చిన సినిమా విజయచందర్ యేసుగా నటించి నిర్మించిన ‘కరుణామయుడు’ (1978). దర్శకుడు ఎ. భీంసింగ్ చిత్రం పూర్తికాకముందే కన్నుమూశారు. థియేటర్ల తరువాత కూడా ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి ఏళ్ల తరబడి చూపించారు. తిరిగి కొట్టేవాడినే వీరుడిగా చూడడానికి అలవాటుపడ్డ ప్రేక్షకులు, దెబ్బలు తిని చేయెత్తని మనిషి కోసం కంటతడి పెట్టారు. కనుక క్షమ మన ప్రేక్షకుడికి ఎక్కదన్న వాదన నిలవదు.

5. హద్దు

అయితే బాకీని కొట్టివేసే హక్కు నష్టపోయినవాడిది మాత్రమే. కారంచేడు (1985), చుండూరు (1991) ఊచకోతల దళిత బాధితులను ‘క్షమించి ఊరుకోండి’ అని ఇతరులు అడిగితే అది కృప కాదు, రెండో దెబ్బ. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు 12వ అధ్యాయంలో పగను దేవుడికి వదిలేయమంటాడు. ఆ వెంటనే 13వ అధ్యాయంలో నేరాన్ని శిక్షించే పనిని ప్రభుత్వానికి అప్పగిస్తాడు. పగ వదిలినవాడు కోర్టు మెట్లెక్కడం మానుకోనక్కర లేదు.

ముగింపు

స్టూడియో బయట చనిపోయిన ఆ ఈటీవీ సిబ్బంది ఎవరికీ ఏమీ బాకీ లేరు. పగ చివరికి బాకీ లేనివాళ్ల దగ్గరే వసూలు చేస్తుంది. సిలువ మీద కూడా బాకీ లేనివాడే చెల్లించాడు, కానీ తనంతట తానే చెల్లించాడు. ఫిల్మ్‌నగర్ ఇంకా రాయని కథ ఈ తేడాలోనే ఉంది.