అద్దుడు కాగితంలోంచి దిగిన కాఫీ

ఈమధ్య మనవాళ్ళ వంటిళ్ళలో స్టీలు ఫిల్టరు పక్కన ఒక పింగాణీ గరాటు కూడా కనబడుతోంది. అందులో కాగితం పరిచి, పొడి వేసి, కొంచెం కొంచెంగా వేడినీళ్ళు పోస్తారు. పోరోవర్ అంటారు. కొత్త ఫ్యాషన్‌లా కనిపిస్తుంది గానీ దాని వయసు నూరేళ్ళు దాటింది. నా ఆసక్తి గరాటు మీద కాదు, అందులోని కాగితం మీద. అదెందుకొచ్చిందో తెలిస్తే కాఫీ ఎలా చేసుకోవాలో సగం తెలిసినట్టే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే పారిస్‌లో రెండంతస్తుల కాఫీ పాత్రలుండేవి. పై గిన్నెకి చిల్లులు, అందులో పొడి, పైనుంచి వేడినీళ్ళు. మన ఫిల్టరు పనిచేసే తీరూ ఇదే. చిక్కంతా చిల్లులతోనే. పెద్దవైతే మడ్డి కప్పులోకి దిగుతుంది, మరీ చిన్నవైతే నీళ్ళే దిగవు. గుడ్డలో వడకడితే మడ్డి ఆగుతుంది, కానీ ఆ గుడ్డని రోజూ ఉతకాలి, ఆరెయ్యాలి. కొన్నాళ్ళకి పాత కాఫీ వాసన దాన్ని వదలదు.

1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి కాఫీ వడకట్టింది. ఆ జూన్‌లోనే బెర్లిన్ పేటెంటు ఆఫీసులో నమోదు చేయించింది. డిసెంబరులో 73 ఫెనిగ్‌ల పెట్టుబడితో, అంటే ఒక్క మార్కు కూడా లేకుండా, కంపెనీ పెట్టింది. భర్త, పిల్లలు పనిలో చేయి వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాఫీకీ కాగితానికీ కూడా కరువే. అయినా కంపెనీ నిలబడింది, 1929లో మిండెన్ పట్టణానికి మారింది. బల్లపరుపు అడుగు పోయి గరాటు ఆకారం వచ్చింది 1930ల్లో. 1941లో అమెరికాలో పీటర్ ష్లుంబోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజు కెమెక్స్ చేశాడు. జపాన్ హారియో కంపెనీ వారి 60 డిగ్రీల వి60 ఈ శతాబ్దపు సరుకు.

ఈ కథని సాధారణంగా రుచి కథగా చెబుతారు. చేదూ మడ్డీ లేని కాఫీ కోసమే ఆవిడ ఇదంతా చేసిందంటారు, నిజమే. కానీ నాకిందులో చాకిరీ కథ కూడా కనిపిస్తుంది. కాగితాన్నీ పిప్పినీ కలిపి పారేస్తే ఉతకడానికి గుడ్డ లేదు, గీకడానికి గిన్నె లేదు. ఇంటిపని చేసే మనిషికి తట్టిన ఉపాయం అది. ఇవాళ దాన్ని తూకాలతో, థర్మామీటర్లతో ఒక కళ చేశాం. మొదటి పనిముట్లు మాత్రం ఒక మేకూ, ఒక కాగితమూ.

ఇక కప్పు సంగతి. కాగితం సన్నటి నుసినీ, నూనెల్లో చాలా భాగాన్నీ ఆపేస్తుంది. కొలెస్ట్రాల్ పెంచే కెఫెస్టాల్ కూడా అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆ కాఫీ టీలా తేలిగ్గా, తేటగా ఉంటుంది. మన డికాషన్ పని వేరు. పాలు పోసినా తట్టుకునేలా చిక్కగా ఉండాలి, చికోరీ కలిపేదీ అందుకే. ఆ పొడినే కాగితంలో వేస్తే నీళ్ళు దిగడానికి మొరాయిస్తాయి, దిగిన కాఫీ పాలకి ఆనదు. కాబట్టి చికోరీ లేని పొడి, అరకు గింజలైనా సరే, బొంబాయి రవ్వంత బరకగా ఆడించాలి. ముందు కాగితాన్ని వేడినీళ్ళతో తడిపి ఆ నీళ్ళు పారబొయ్యాలి, కాగితం వాసన పోతుంది. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్ళు, కాగాక అర నిమిషం ఆగి పొయ్యాలి. మొదట 40 మిల్లీలీటర్లు పోసి మరో అర నిమిషం ఆగండి. తాజాగా వేయించిన గింజల్లోని కార్బన్ డయాక్సైడ్ బుడగలై పొంగుతుంది. అది పోతేగానీ నీళ్ళు పొడిలోకి సరిగ్గా ఇంకవు. మిగతా నీళ్ళు రెండు మూడు విడతలుగా పోస్తే మొత్తం మూడు నిమిషాల్లో దిగాలి. అంతకంటే చాలా ఆలస్యమై చేదెక్కితే పొడి సన్నమైనట్టు, గబగబా దిగి పుల్లగా ఉంటే బరకైనట్టు.

ఏది గొప్పదన్న వాదనలో నాకు పస కనిపించదు. ఒకటి పాల కోసం పుట్టిన కాఫీ, ఒకటి పాలు అక్కర్లేని కాఫీ. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. పొద్దున ఫిల్టరు, మధ్యాహ్నం గరాటు.