లాక్రాస్ వల: అల్లినవాళ్లు, నియమాలు రాసినవాళ్లు

వస్తువు, రూపం అన్న చర్చ మీద మన విమర్శలో చాలా సిరా ఖర్చయింది. రూపాన్ని ఎవరు శాసిస్తారు అన్న ప్రశ్న మాత్రం అంతగా రాలేదు. ఉత్తర అమెరికా ఆట లాక్రాస్ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడింది.

పొడుగాటి కర్ర, దాని చివర వంపు తిరిగిన తల, ఆ తలలో అల్లిన వల. ఆ వలతోనే బంతిని పట్టి, మోసుకు పరుగెత్తి, విసరాలి. మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా జాతుల కూటమి తనను హోదెనోసౌనీ అని పిలుచుకుంటుంది. ఇరొక్వాయ్ అన్నది పరాయివాళ్లు పెట్టిన పేరు. వాళ్లకిది సృష్టికర్త కోసం ఆడే ఆట, రోగిని స్వస్థపరిచే ఆట. మూఢనమ్మకమని దీన్ని పక్కకు తోసే తొందర మనలో కొందరికి ఉంటుంది. ముందు ఆ కర్రను చూడమని మనవి.

హికరీ చెట్టు మొద్దును చీల్చి, ఆవిరి పట్టి, వంచి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు. ఆ తర్వాత అల్లిక. వంపుకు ఎదుటి పక్కన కర్ర ఉండదు కనుక అక్కడ పచ్చితోలుతోనో పేగు తంత్రితోనో గట్టి గోడ కడతారు. తల కొస నుంచి పిడి వైపుకు తోలు పట్టీలు నిలువుగా లాగి, సన్నని తాడుతో అడ్డంగా కలుపుతారు. నులక మంచం అల్లిన చేతులకు ఇందులో సగం తెలుసు. మంచానికి బిగువే లక్ష్యం. ఇక్కడ ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలియాలి. ఆ వదులులోనే బంతి కూర్చునే గుంట ఏర్పడుతుంది. గుంట లోతైతే పరుగులో బంతి జారదు, విసిరేటప్పుడు మాత్రం ఆలస్యంగా వదులుతుంది. లోతు చాలకపోతే బంతి నిలవదు. పైగా తోలు తడిస్తే సాగుతుంది. ఆటగాడు పట్టీలు మళ్లీ మళ్లీ లాగి సరిచేసుకుంటూనే ఉండాలి.

మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ 1860లో ఈ ఆటకు నియమాలు రాశాడు. 1867లో నేషనల్ లాక్రాస్ అసోసియేషన్ ఏర్పడింది. అప్పటి నియమాల్లో వల సంగతీ ఉంది: పేగు తంత్రి, పచ్చితోలు వంటివే వాడాలి, మెత్తని తోలు పనికిరాదు, బంతి లేనప్పుడు వల చదునుగా ఉండాలి, సంచిలా వేలాడకూడదు. ఆ నియమావళిలోనే మరో మాట: ముందుగా ఒప్పుకుంటే తప్ప ‘ఇండియన్’ ఎవడూ తెల్లవాళ్ల క్లబ్బు తరఫున ఆడరాదు. వల ఎలా ఉండాలో, దాన్ని అల్లినవాడు ఎక్కడ నిలబడాలో ఒకే కాగితం తేల్చేసింది. బీర్స్‌ను దుర్మార్గుడిగా చిత్రించడం సులువు. అతనికి ఆట మీద నిజమైన ప్రేమే ఉంది. 1869 నాటి అతని పుస్తకం దీన్ని కెనడా జాతీయ క్రీడ అంది. ఎవరి ‘జాతి’ అన్నదే నా ప్రశ్న.

1880లో స్థానికులను పోటీల నుంచి తొలగించారు. వాళ్లు ఆడి డబ్బు పుచ్చుకుంటారట, అది ఔత్సాహికుల మర్యాదకు భంగమట! తీరికా ఆస్తీ ఉన్నవాడికే ఔత్సాహికత అబ్బుతుందన్నది పెద్దమనుషులకు తట్టలేదు, లేదా బాగానే తట్టింది.

ఆటలోంచి తోసేసినా కర్ర కోసం వాళ్ల దగ్గరికే రావలసి వచ్చింది. అక్వెసాస్నె మొహాక్‌ల కార్న్‌వాల్ దీవిలో ఉన్న చిషోమ్ కర్మాగారం 1968లో కాలిపోయేనాటికి లోకంలోని లాక్రాస్ కర్రల్లో అత్యధిక భాగం అక్కడివే, మొహాక్ పనివాళ్ల చేతులవే. 1970లో బాల్టిమోర్‌కు చెందిన ఎస్‌టీఎక్స్ సంస్థ ప్లాస్టిక్ తల తెచ్చింది. అది తేలిక, రెండు పక్కలూ సమానం, ఒకే అచ్చు నుంచి వేలకొద్దీ వస్తుంది. చేతిపని పోయిందని కన్నీరు కార్చే ధోరణి నాకు నచ్చదు; చవకగా దొరికే కర్ర వల్ల ఎందరో ఆటకు వచ్చారు. అయితే ఆ అచ్చు మొహాక్‌ల చేతిలో లేదు, లాభమూ లేదు. వింతేమిటంటే, ప్లాస్టిక్ తలకు కూడా వల చేత్తోనే కడతారు. పక్క రంధ్రాల్లోంచి తాడు దూర్చి, గుంట ఎక్కడ పడాలో ఎవరి ఆటను బట్టి వాళ్లు తేల్చుకోవాలి.

హోదెనోసౌనీలు 1983లో సొంత జట్టు నిర్మించుకున్నారు. 1990 నుంచి ప్రపంచ పోటీల్లో ఒక దేశంగానే ఆడుతున్నారు. 1876లో బీర్స్ కాన్హవాగె మొహాక్‌లను ఇంగ్లండు తీసుకువెళ్లి విక్టోరియా రాణి ముందు ఆడించాడు. 2010లో మాంచెస్టర్ పోటీలకు అదే ఇంగ్లండుకు తమ సొంత పాస్‌పోర్టులతో వెళ్లబోతే బ్రిటన్ వాటిని ఒప్పుకోలేదు. వేరే దేశపు పాస్‌పోర్టు తీసుకోవడానికి జట్టు ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లోనే ఆగిపోయారు.