మూర్ఛను కుక్క పసిగట్టగలదా?

మూర్ఛవ్యాధి దైవకోపము కాదనియు, దాని మూలము మెదడులో నున్నదనియు హిపోక్రటీసు సంప్రదాయపు గ్రీకు వైద్యులు క్రీ. పూ. 400 ప్రాంతముననే వ్రాసిరి. 1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మానవుని మెదడులోని విద్యుత్తరంగములను మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించెను. అయినను మూర్ఛ ఎప్పుడు వచ్చునో ముందుగా చెప్పుట కష్టముగానే మిగిలెను.

ఈ పని కుక్క చేయగలదా? శిక్షణ పొందిన కుక్కలు మూర్ఛను ముందే సూచించినవని 1999లో బ్రిటనులో వాల్ స్ట్రాంగ్, ఆమె సహచరులు ప్రకటించిరి. 2004లో కెనడా వైద్యులు మూర్ఛరోగముగల పిల్లల కుటుంబములను విచారింపగా, పెంపుడు కుక్కలు కొన్ని మూర్ఛను ముందే పసిగట్టుచున్నవని ఇంటివారు చెప్పిరి.

ఇంటివారి మాట వేరు, పరీక్ష వేరు. మూర్ఛ సమయమున సేకరించిన ఊపిరి, చెమటల వాసనను 5 శిక్షిత శునకములు గుర్తించినవని 2019లో ఫ్రాన్సులోని రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. కాని అది వచ్చిన మూర్ఛ వాసన. రాబోవు మూర్ఛ వాసన కాదు. ఈ భేదమును మరువరాదు. బిడ్డ పడిపోగానే మొరిగి పెద్దలను పిలుచుట, ప్రక్కనే నిలుచుట కుక్కకు నేర్పదగిన విద్యలు. అంతేకాని, కుక్క ఊరకున్నదిగదా యని బిడ్డను చెరువుకు ఒంటరిగా పంపరాదు, మందు మాన్పరాదు.