పావగడ తాలూకాలో కరెంటు, నీరు: ఒత్తిడి, నిరోధాల చరిత్ర

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా అయినా దాని చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశే. ఇక్కడి కరెంటు, నీటి కథలను ఒకే నియమంతో చూడవచ్చు: ఒత్తిడి పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, నిరోధం పెరిగితే తగ్గుతుంది. ఈ నియమాన్ని కరెంటు విషయంలో జర్మనీకి చెందిన గేయోర్గ్ ఓమ్ 1827లో చెప్పాడు. దీజోన్ నగరానికి నీళ్లు తెచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ డార్సీ 1856లో ఇసుకలో ఇంకే నీటికీ అలాంటి నియమాన్నే ప్రకటించాడు. నియమం ఒకటే అయినా, ఒత్తిడి పెంచడమన్న ఉపాయం పావగడలో కరెంటుకు కలిసివచ్చి, భూగర్భజలానికి వికటించింది.

ఎద్దులతో నీరు తోడే కపిల బావుల తర్వాత గట్టున పెట్టే మోటార్లు వచ్చాయి. వాటికి ప్రకృతే హద్దు గీసింది: గాలి ఒత్తిడి నీటిని పది మీటర్లకు మించి పైకి ఎక్కించలేదు. నీటిలోనే మునిగి, కింది నుంచి నెట్టే సబ్‌మెర్సిబుల్ పంపు ఆ హద్దును చెరిపేసింది. మూడు వందల మీటర్ల లోతు నుంచి నీరు పైకి రావాలంటే దాదాపు 30 రెట్ల వాతావరణ పీడనం కావాలి; మోటారు అది ఇవ్వగలదు. ఇవ్వలేనిది రాయి. ఇక్కడి గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది. పెద్ద మోటారు దించితే బోరులో మట్టం పడిపోతుందే తప్ప, పగులు వెడల్పు కాదు, వాన పెరగదు. పది హార్స్‌పవర్ వరకు సాగు పంపులకు రాష్ట్రం ఉచితంగా కరెంటు ఇవ్వడంతో, ఒత్తిడి పెంచడానికి ఖర్చన్నదే కనపడకుండా పోయింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ బాధ దానికి తోడు.

ఓమ్ మాట నిజమైతే ఓల్టేజి తగ్గినప్పుడు కరెంటూ తగ్గాలి కదా, మరి లో ఓల్టేజికి బోరు మోటార్లు కాలిపోతాయెందుకని అడగవచ్చు. మోటారు ఉత్త తీగచుట్ట కాదు. తిరుగుతున్నప్పుడు అది ఎదురు ఓల్టేజి పుట్టిస్తుంది. ఓల్టేజి పడితే వేగం తగ్గి, ఆ ఎదురు బలహీనపడుతుంది. అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది. పైపుల్లోనూ లెక్క సూటిగా ఉండదు: నీరు సుడులు తిరుగుతుంది గనక ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లు కావాలి. ఇవి నియమాన్ని కొట్టివేయవు. నిరోధం ఎప్పుడూ ఒకేలా ఉండదని మాత్రం చెబుతాయి.

భూగర్భజలంతో పోలిస్తే కరెంటు కథ వేరు. తిరుమణి, వళ్లూరు తదితర ఐదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో, 2018లో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరిన సౌర పార్కు ఉంది. వానలు తప్పి, బోర్లు ఎండిన రైతులు భూమి అమ్ముకోకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు ఇచ్చారు. అంత విద్యుత్తును 33 కిలోవోల్టుల దగ్గర పంపాలంటే సుమారు 36,000 ఆంపియర్లు కావాలి. 400 కిలోవోల్టుల దగ్గర మూడు వేలు చాలు. తీగల్లో వృథా కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో నష్టం దాదాపు 147వ వంతుకు పడిపోతుంది. ఇక్కడ ఒత్తిడి పెంచితే మూలం తరగదు; ఎండ మళ్లీ మర్నాడు వస్తుంది.

తాగునీటి విషయంలో తాలూకా చివరికి తన రాతిని వదిలి తుంగభద్ర జలాశయం వైపు తిరిగింది. ఆ జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 498 మీటర్లు. పావగడ అంతకంటే వంద మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. పైపు రాపిడిని పక్కన పెట్టినా, ఆ ఎత్తుకే వాతావరణ పీడనానికి పది రెట్లకు మించిన ఒత్తిడిని పంపులు కరెంటుతోనే ఇవ్వాలి.